ఆకు తిప్పడం అంటే ఏంటి?

మొన్న డిసెంబరు చివర్లో మా టీములో ఒకతను ఇకమీదట సిగరెట్ ముట్టనని ప్రకటించాడు. "ఐ యామ్ టర్నింగ్ ఓవర్ ఎ న్యూ లీఫ్" అన్నాడు స్టైలుగా. పక్క సీటతను వెంటనే "అంటే చెట్టుకి పాత ఆకు రాలి కొత్త చిగురు వేసినట్టన్నమాట" అని అర్థం కూడా చెప్పేశాడు. నేనూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను. చిగురు వెయ్యడం సరే, మరి 'తిప్పడం' ఎందుకొచ్చిందని ఎప్పుడూ ఆలోచించలేదు.

సంగతేంటంటే, ఈ లీఫ్ చెట్టుది కాదు, పుస్తకంలోది. పుస్తకంలో ఒక్కో కాగితాన్నీ లీఫ్ అంటారు. ఒక లీఫ్‌కి రెండు పేజీలు, ముందొకటి, వెనకొకటి. లాటిన్లోనూ ఆకుని ఫోలియం అంటారు, కాగితాల లెక్కకి వాడే ఫోలియో దాన్నుంచి వచ్చిందే. తాటాకుల మీద రాసుకున్న మనకి ఇదేం వింత కాదు. మన పాత పుస్తకాల్లో పేజీ నిజంగానే ఆకు. పత్రం అన్నా ఆకే కదా!

ఈ జాతీయం 16వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులో ఉంది. షేక్స్‌పియర్ తన చరిత్ర నాటకాలకి వాడుకున్న హోలిన్‌షెడ్ చరిత్ర గ్రంథం 1577లో అచ్చయింది. అందులో ఆకు తిప్పడం, కొత్త పాఠం నేర్చుకోవడం, పాత బతుకుతీరు మార్చుకోవడం, మూడూ ఒకే చోట వస్తాయి. అంటే చదువుకునే పిల్లాడు ఒక పాఠం దాటి తర్వాతి పాఠానికి వెళ్ళడం. పాత పాఠం ఎక్కడికీ పోదు, వెనక పేజీలోనే ఉంటుంది.

దీని పక్కనే ఇంకో జాతీయం ఉంది, 'క్లీన్ స్లేట్'. తాగుడు దుకాణాల్లో ఖాతాదార్ల బాకీలు పలక మీద రాసేవాళ్ళు. బాకీ తీరితే తుడిచేసేవాళ్ళు. మనం చిన్నప్పుడు దొండాకు పెట్టి పలక తుడిచినట్టే, ఏం రాశామో ఆనవాలుండదు. మనం రెండిటినీ ఒకేలా వాడేస్తాం గానీ, పలక మర్చిపోతుంది, పుస్తకం మర్చిపోదు.

ఈ తేడా స్వయంగా అనుభవించినవాడు బెంజమిన్ ఫ్రాంక్లిన్. స్వతహాగా ప్రింటరు, అంటే కాగితాలతోనే బతుకు. 1730 ప్రాంతంలో, ఇరవైల్లో ఉండగా, తప్పులే చెయ్యకుండా బతకాలని ఒక పథకం వేశాడు. 13 సుగుణాలు రాసుకున్నాడు. చిన్న పుస్తకంలో ఒక్కో గుణానికి ఒక్కో పేజీ. వారంలో రోజులకి 7 నిలువు గళ్ళు, గుణాలకి 13 అడ్డగీతలు. తప్పు చేస్తే ఆ గడిలో నల్ల చుక్క. వారానికొక గుణం మీద ప్రత్యేక శ్రద్ధ, అలా 13 వారాలకి ఒక చుట్టు, ఏడాదికి 4 చుట్లు. అచ్చం మన ఎక్సెల్ షీటే!

కొత్త చుట్టు మొదలైనప్పుడల్లా పాత చుక్కల్ని గీకి చెరిపేవాడు. గీకీ గీకీ చివరికి కాగితాలకి చిల్లులు పడ్డాయి. దాంతో ఆ పట్టికని ఏనుగుదంతపు రేకుల మీదకి మార్చి, పెన్సిలుతో చుక్కలు పెట్టి, తడి స్పాంజితో తుడిచేయడం మొదలెట్టాడు. అంటే పుస్తకాన్ని వదిలి పలక పట్టాడన్నమాట.

ఇంతా చేసి నెగ్గాడా అంటే లేదు. క్రమపద్ధతి అనే గుణం ఆయనకి చివరిదాకా లొంగలేదు. అయితే 1784లో పారిస్ దగ్గర పాసీలో కూర్చుని ఆత్మకథ రెండో భాగం రాస్తూ, ఆ ఓటమినీ, చిల్లుల సంగతినీ దాచకుండా రాసేశాడు. పరిపూర్ణుణ్ణి కాలేకపోయినా, ప్రయత్నించకుండా ఉండుంటే ఇంతకంటే హీనంగా ఉండేవాణ్ణని ఒప్పుకున్నాడు. స్పాంజితో తుడిచిన చుక్కలన్నీ పోయాయి. మనకి మిగిలింది కాగితం మీద ఒప్పుకున్నదే.

ఇదంతా ఎందుకు తవ్వానో కూడా చెప్పాలిగా. సిగరెట్ మానడం నాకూ కొత్త కాదు. మానిన ప్రతిసారీ నోట్‌బుక్కులో మొదటి పేజీ మీద తేదీ వేస్తాను. తప్పినప్పుడు ఆ కాగితం చింపేసి, మళ్ళీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలెడతాను. నాలుగుసార్లు అయింది. పిన్నులు కొట్టిన నోట్‌బుక్కులో ముందు కాగితం చింపితే ఏమవుతుందో బడికెళ్ళిన ప్రతివాడికీ తెలుసు. వెనక దానికి జతగా ఉన్న కాగితం కూడా ఊడొచ్చేస్తుంది. పాత తప్పుని దాచబోయి, ఇంకా రాయని పేజీలు పోగొట్టుకుంటున్నానన్నమాట.

ఐదోసారి జనవరి ఒకటిన మొదలెట్టాను. పదకొండో తారీకు తప్పాను. ఈసారి చింపలేదు. తేదీ పక్కన ఒక నల్ల చుక్క పెట్టి, ఆకు తిప్పాను.