తాతగారి గుప్తి

మా ఇంట్లో అటక మీద ఒక చేతికర్ర ఉండేది. చూస్తే మామూలు కర్రే. పిడి తిప్పి లాగితే మూరెడు పొడవున సన్నని కత్తి బయటికొచ్చేది. దాన్నే గుప్తి అంటారు. షోలాపూర్‌లో నూలు వ్యాపారం చేసిన మా తాత ఊళ్ళకు బాకీల వసూలుకు వెళ్ళేటప్పుడు దాన్ని పట్టుకెళ్ళేవాడు. పుణెలో రాత్రి డ్యూటీల ఉద్యోగంలో చేరబోతూ మా అమ్మాయి దాన్ని కిందికి దింపింది.

"బాపూ, ఇది నేను తీస్కపోనా? కర్రే అనుకుంటరు గద!" అంది.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. దాచిన ఆయుధం అనగానే మహారాష్ట్రలో పెరిగిన మనవాళ్ళెవరికైనా ప్రతాప్‌గఢ్ గుర్తుకొస్తుంది. 1659 నవంబరు 10న ఆ కోట కింద వేసిన డేరాలో శివాజీ, బీజాపూర్ సేనాని అఫ్జల్‌ఖాన్ కలుసుకున్నారు. పేరుకు అది సంధి మాటలు. ఆయుధం బయటికి కనిపిస్తే మాట చెడుతుంది, లేకపోతే ప్రాణం పోవచ్చు. మరాఠీ బఖర్లు చెప్పేదాన్నిబట్టి శివాజీ ముందు తన ఒంటిని కాచుకున్నాడు. తలపాగా కింద ఇనుప టోపీ, అంగరఖా కింద ఇనుప కవచం తొడిగాడు. ఆ తరువాతే పులిగోళ్ళు. ఇనుప పట్టీకి వంకర గోళ్ళు, రెండు ఉంగరాలు ఉంటాయి. వేళ్ళకు తొడిగి పిడికిలి మూస్తే పైకి ఉంగరాలే కనిపిస్తాయి.

కౌగిలిలో ఖాన్ పొడిచిన పోటును కవచం ఆపిందనీ, పులిగోళ్ళు ఆ తరువాత పనిచేశాయనీ ఆ కథనం. అంతటితో అయిపోలేదు. ఖాన్ అంగరక్షకుడు సయ్యద్ బండా కత్తి ఎత్తాడు. అడ్డుపడి అతణ్ణి పడగొట్టినవాడు జీవా మహాలా. జీవా ఉన్నాడు కనుక శివా బతికాడని మరాఠీలో సామెతే పుట్టింది. పులిగోళ్ళ మీద పుట్టని సామెత పక్కనున్న మనిషి మీద పుట్టింది!

లండన్ మ్యూజియం నుంచి అరువు తెచ్చిన పులిగోళ్ళను 2024 జూలైలో సతారాలో ప్రదర్శనకు పెట్టారు. వెళ్ళి చూశాను. ఒకప్పుడు సతారాలో రెసిడెంటుగా ఉన్న గ్రాంట్ డఫ్ వాటిని తీసుకెళ్ళాడు. ఆనాటివి ఇవేనని రుజువు లేదని ఆ మ్యూజియమే చెబుతుంది. అరచేతిలో పట్టే ఆ చిన్న ఇనుప ముక్కను చూడటానికి అంతమంది క్యూలో నిలబడ్డారు.

ఇక చట్టం సంగతి. 1878లో లిట్టన్ కాలపు ఆయుధాల చట్టం లైసెన్సు లేని భారతీయుడి చేతిలో ఆయుధం ఉండకూడదంది. స్వతంత్రం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు. దాని కింద 1962లో వచ్చిన నియమాలు కత్తుల జాబితాలో గుప్తిని పేరుపెట్టి చేర్చాయి. ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో అలాంటివాటికి లైసెన్సు ఉండాలి. ఆత్మరక్షణ హక్కును మన శిక్షాస్మృతి ఎప్పుడూ కాదనలేదు. 2024లో వచ్చిన న్యాయ సంహితా కాదనలేదు. అయితే అవసరానికి మించి హాని చేయకూడదంటుంది. చీకట్లో కత్తి దూసినవాడికి ఆ కొలత తెలుస్తుందా?

మా తాత ఆ కత్తిని ఒక్కనాడూ దూయలేదని నాయనమ్మ చెప్పేది. ఆయన ఒంటరిగా వెళ్ళేవాడు కాదు. ముగ్గురు నలుగురు వ్యాపారులు కలిసి వెళ్ళి పొద్దుండగానే ఇల్లు చేరేవారు. బ్యాంకులో నేను నేర్చుకున్నదీ అదే. స్ట్రాంగ్‌రూముకు తాళాలు రెండు, తెరిచే మనుషులూ ఇద్దరు.

"కర్ర వద్దు బిడ్డా. రాత్రిపూట నీతోటి వచ్చేటోళ్ళను చూసుకో. బండెక్కంగనే నాకు ఫోన్ చెయ్యి," అన్నాను. ఒక విజిల్, ఒక టార్చీ, మందుల షాపులో దొరికే మిరప స్ప్రే కొనిచ్చాను. పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది.

గుప్తిని పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తీసుకున్నాను. తాత వస్తువు చేజారినందుకు మనసు చివుక్కుమంది. ఆ రసీదు తాత ఫోటో వెనక ఉంది. అమ్మాయి ఫోన్ రాత్రి రెండింటికి వస్తుంది. అది వచ్చేదాకా నిద్రపోను.