ఇంజిన్ ఆయిల్: సింథటిక్ కొనాలా.. మినరల్ సరిపోతుందా? జనరేటర్ ఉన్న రొయ్యల రైతులు తెలుసుకోవాల్సిన విషయాలివే

చిట్టమూరు, కోట, వాకాడు ప్రాంతాల్లో రొయ్యల గుంటలున్న రైతుకు రాత్రిపూట కరెంటు పోతే జనరేటరే దిక్కు. అది మొరాయిస్తే ఏరేటర్లు ఆగిపోతాయి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి తెల్లారేసరికి పంట మొత్తం పోవచ్చు. అలాంటి ఇంజిన్‌లో ఏ ఆయిల్ పోయాలన్న దానిపై మాత్రం చాలామందికి డౌట్ ఉంటుంది. ‘సింథటిక్’ అని రాసిన డబ్బా రేటు ఎక్కువ, మినరల్ ఆయిల్ రేటు తక్కువ. మరి ఆ తేడా దేనికి? ఇప్పుడు చూద్దాం.

రెండింటికీ తేడా ఏంటి?

మినరల్ ఆయిల్ నేరుగా క్రూడ్ ఆయిల్ నుంచి వస్తుంది. రిఫైనరీలో వేరు చేసి, మైనం, గంధకం లాంటివి తగ్గిస్తారు. అయినా అందులోని అణువులు చిన్నా పెద్దా కలిసే ఉంటాయి. సింథటిక్‌లో అణువులను ఫ్యాక్టరీలో కావాల్సిన సైజులో తయారు చేస్తారు. అందుకే ఎక్కువ వేడిలోనూ త్వరగా పలచబడదు, ఆవిరైపోవడం తక్కువ, మడ్డి కూడా తక్కువగా పేరుకుంటుంది. రెండూ కలిపి తయారు చేసేదే సెమీ సింథటిక్.

పేరు చూసి మోసపోవద్దు

సింథటిక్ అన్నంత మాత్రాన అంతా ఒకటే రకం కాదు. అమెరికాలో 1999లో మొబిల్, క్యాస్ట్రాల్ కంపెనీల మధ్య దీనిపైనే వివాదం నడిచింది. క్రూడ్ నుంచే తీసి, బాగా శుద్ధి చేసిన గ్రూప్-3 ఆయిల్‌ను సింథటిక్ అనొచ్చా లేదా అన్నదే గొడవ. ప్రకటనలపై ఫిర్యాదులు చూసే అక్కడి సంస్థ అనొచ్చని తేల్చింది. కాబట్టి డబ్బా ముందున్న పెద్ద అక్షరాల కన్నా వెనకున్న చిన్న అక్షరాలే ముఖ్యం.

డబ్బా మీద ఏం చూడాలి?

* 15డబ్ల్యూ-40 లాంటి నంబర్: ఇది ఆయిల్ చిక్కదనం. మొదటి నంబర్ చలిలో, రెండోది ఇంజిన్ వేడెక్కాక ఎలా ఉంటుందో చెబుతుంది. గడ్డకట్టే చలిలో స్టార్ట్ అవడం సింథటిక్‌కున్న పెద్ద ప్లస్. నెల్లూరు తీరంలో ఆ అవసరం రాదు. ఇక్కడ అసలు పరీక్ష ఎండాకాలం వేడి, గంటల తరబడి లోడ్.

* ఏపీఐ గ్రేడ్: సీఐ-4 లాగా ‘సీ’తో మొదలైతే డీజిల్ ఇంజిన్లకు, ‘ఎస్’తో మొదలైతే పెట్రోల్ ఇంజిన్లకు. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడ్ తగ్గకూడదు.

* బైక్ అయితే జాసో ఎంఏ లేదా ఎంఏ2 ఉండాలి. క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉండే బైకుల్లో కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

నల్లబడితే పాడైనట్టేనా?

కాదు. డీజిల్ ఇంజిన్‌లో మసిని ఆయిల్ తనలో పట్టి ఉంచుతుంది కాబట్టి కొన్ని గంటలకే నల్లబడుతుంది. అది మామూలే. తెల్లగా, పాల మాదిరి కనిపిస్తే మాత్రం నీళ్లు కలిసినట్టు. వెంటనే ఇంజిన్ ఆపి మెకానిక్‌కు చూపించాలి.

రెండూ కలిపి పోయొచ్చా?

మినరల్, సింథటిక్ ఇంజిన్ ఆయిళ్లు కలిస్తే ఇంజిన్ పాడవుతుందన్నది అపోహ. అర్ధరాత్రి లెవల్ తగ్గితే అదే గ్రేడ్‌ది ఏదైనా పోసి నడపొచ్చు. కాకపోతే సింథటిక్‌కు పెట్టిన డబ్బుకు ఫలితం తగ్గుతుంది. గేర్‌బాక్సుల దగ్గర మాత్రం జాగ్రత్త. కొన్నింటిలో వాడే పాలీగ్లైకాల్ రకం సింథటిక్ ఆయిల్ మినరల్‌తో అస్సలు కలవదు. ఏరేటర్ గేర్‌బాక్స్‌లో ముందు ఏముందో తెలుసుకున్నాకే పోయాలి.

ఎప్పుడు మార్చాలి?

జనరేటర్‌కు కిలోమీటర్ల లెక్క ఉండదు, గంటల లెక్కే. మాన్యువల్‌లో 250 గంటలని ఉంటే, రోజుకు 5 గంటలు నడిచే ఇంజిన్‌కు 50 రోజుల్లోనే గడువు అయిపోతుంది. సింథటిక్ పోసినా మసి చేరడం ఆగదు. అందుకే కంపెనీ ఒప్పుకోకుండా గడువు పెంచొద్దు. ఆయిల్‌తో పాటు ఫిల్టర్ కూడా మార్చాలి.

పాత ఆయిల్ ఏం చేయాలి?

కాలువలోనో, గుంట గట్టునో పారబోయొద్దు. నీటిపై తెట్టులా పరుచుకుని గాలి అందనివ్వదు. అందులో లోహాల పొడి కూడా ఉంటుంది. పులికాట్ సరస్సుకు దగ్గరగా ఉన్న ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. 2016 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. మూత ఉన్న డబ్బాలో దాచి, అనుమతి ఉన్న రీసైక్లర్లకు చేరేలా ఇవ్వాలి.

చివరగా..

కొత్త తరం ఇంజిన్‌కు కంపెనీ సింథటిక్ అడిగితే అదే వాడాలి. పాత జనరేటర్, ట్రాక్టర్‌కు మాన్యువల్‌లో మినరల్ చాలంటే ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదు. గడువు దాటిన సింథటిక్ కన్నా టైమ్‌కు మార్చిన మినరల్ ఆయిలే ఇంజిన్‌ను కాపాడుతుంది. మార్చిన రోజు, మీటర్‌లోని గంటలు జనరేటర్ మీదే రాసి పెట్టుకుంటే మర్చిపోయే సమస్యే ఉండదు.