ఇంజన్ నూనెలో నక్షత్రాలు

బండికి ఆయిల్ మార్పించే ప్రతివాళ్లూ డబ్బా మీద 20డబ్ల్యూ-40 అన్న గుర్తు చూసే ఉంటారు. మొదటి అంకె చలిలో నూనె తీరు చెబుతుంది, రెండోది ఇంజన్ వేడెక్కాక దాని చిక్కదనం చెబుతుంది. ఒకే నూనె రెండు కాలాలకూ పనికిరావడం ఒకప్పుడు అసాధ్యం.

వేడికి ఏ నూనె ఎంత పలచబడుతుందో పోల్చే కొలమానాన్ని 1929లో అమెరికాలో డీన్, డేవిస్ రూపొందించారు. ఇట్టే పలచబడే గల్ఫ్ తీరపు నూనెకు సున్నా, నిలకడగా ఉండే పెన్సిల్వేనియా నూనెకు 100 ఇచ్చారు. ఆ తర్వాతి దశాబ్దంలోనే నూనెలో పాలిమర్లు కరిగించి ఈ సూచికను పెంచడం మొదలైంది. పాలిమెథాక్రిలేట్ లాంటి గొలుసు అణువు చల్లని నూనెలో ముడుచుకుని ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ విచ్చుకుని, పలచబడుతున్న నూనెకు చిక్కదనం ఇస్తుంది.

గొలుసు ఎంత పొడవుంటే అంత మేలు. చిక్కంతా అక్కడే వచ్చింది. గేర్ల పళ్ల మధ్య, బేరింగుల సందుల్లో నలిగి పొడవాటి గొలుసులు తెగిపోతాయి. అదీ ఎక్కువగా నడిమధ్యలో, లాగుడు బలంగా ఉండేచోట. ఒక్క దెబ్బకు అణువు సగమైపోతుంది. పోయిన చిక్కదనం మళ్లీ రాదు.

దీనికి విరుగుడు నూనెతో సంబంధమే లేని పరిశోధనలో దొరికింది. పోలండ్‌లో పుట్టిన మైఖేల్ ష్వార్ట్స్ 1956లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూజ్‌లో ఒక వింత గమనించారు. ఆకుపచ్చని సోడియం నాఫ్తలీన్ ద్రావణంలో స్టైరీన్ పోస్తే అది ఎర్రబడింది. పోసిన స్టైరీన్ అంతా అయిపోయినా గొలుసుల కొసలు చావలేదు. మళ్లీ పోస్తే మళ్లీ పెరిగాయి! వాటిని ఆయన 'సజీవ పాలిమర్లు' అన్నారు.

ఆయన శిష్యుడు రాల్ఫ్ మిల్కోవిచ్ ఈ విద్యతో షెల్ కంపెనీలో చేరి కొత్తరకం కృత్రిమ రబ్బర్ల తయారీకి బాట వేశారు. అదే కంపెనీ 1978లో నక్షత్రాకార పాలిమర్‌కు పేటెంటు పొందింది. ఐసోప్రీన్‌తో సజీవమైన గొలుసులు పెంచి, వాటి కొసలను డైవినైల్‌బెంజీన్‌తో ఒక కేంద్రం చుట్టూ కలిపేశారు. ఆక్సిజన్ దాడికి తట్టుకునేలా హైడ్రోజన్ ఎక్కించారు. ఎనిమిది చేతుల నక్షత్రంలో ఒకటి తెగితే పోయేది ఎనిమిదో వంతే, సగం కాదు. గొలుసును గట్టిపరచడం మాని, తెగినా నష్టం తగ్గేలా దాని ఆకారాన్నే మార్చడం నా దృష్టిలో గొప్ప ఇంజనీరింగ్.

1991లో క్యోటో బహుమతి అందుకున్న ష్వార్ట్స్‌కు నోబెల్ రాలేదు. రావలసింది.