జనగామ దారిలో చరిత్ర పాఠం

చరిత్ర అంటే కోటలూ సమాధులూ అనే అభిప్రాయం మన పాఠశాలల్లో ఎంత లోతుగా పాతుకుపోయిందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. సంక్రాంతి సెలవులకు ముందు సికింద్రాబాదు నుండి పిల్లలతో బయలుదేరే బస్సులు ఎటు పోతున్నవో చూస్తే చాలు. గోలకొండ, చార్మినారు, సాలార్‌జంగు మ్యూజియం, నాగార్జునసాగరం. ఖర్చు భరించగల బడి అయితే సినిమా నగరం. వీటిని చూడవద్దని ఎవరూ అనరు. కాని ఆ కోటకు రాళ్ళు మోసినవాని సంగతి, వాని సంతతి ఒకనాడు ఇక వెట్టి చేయమని ఎదురుతిరిగిన సంగతి ఆ దారుల్లో ఎక్కడా తగలదు.

అమెరికాలో ఈ విషయంలో మరొక సంప్రదాయం ఏర్పడింది. నల్లజాతి ప్రజల పౌరహక్కుల ఉద్యమం నడిచిన చోట్లకు అక్కడి బడిపిల్లలను బస్సుల్లో తీసుకుపోతారు. 1955 డిసెంబరు 1న రోజా పార్క్స్ సీటు ఖాళీ చేయనని కూర్చున్న మాంట్‌గొమెరీ నగరం, 1965 మార్చి 7న పోలీసులు ఊరేగింపును చితకబాదిన సెల్మా వంతెన, 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగు హత్య జరిగిన మెంఫిస్ వసతిగృహం - ఇవన్నీ ఆ దారిలో వస్తాయి. వీటన్నిటికంటె నాకు ముఖ్యంగా తోచేది టొపీకా అనే ఊళ్ళోని ఒక మామూలు ఇటుక బడి. నల్లపిల్లలకు వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమని 1954 మే 17న అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఆ ఊరి పేరుతో ముడిపడిన వ్యాజ్యం మీద వచ్చింది. నల్లపిల్లలు చదివిన ఆ బడిని చారిత్రక స్థలంగా నిలబెట్టుకున్నారు. అక్కడి పాలకులను పొగడడానికి ఈ మాట చెప్పడం లేదు. 2021 తరువాత అనేక రాష్ట్రాలు జాతివివక్షను గూర్చి తరగతిలో ఏమి చెప్పవచ్చునో, ఏమి చెప్పగూడదో ఆంక్షలు పెట్టాయి. అయినా ఆ యాత్రల్లో నేర్చుకోదగిన పద్ధతి ఒకటి వున్నది. చనిపోయినవారి పేరుతోపాటు వారు ఎదిరించిన చట్టమూ, తరువాత గెలుచుకున్న చట్టమూ పిల్లవాని కంటికి కనబడతాయి.

మనకు అటువంటి స్థలాలు లేవా? వున్నాయి. హైదరాబాదు కోఠీలోనే మొదలు పెట్టవచ్చు. 19వ శతాబ్దం తొలి ఏళ్ళలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ భవనం అక్కడ వున్నది. నిజాము గద్దెకు వెన్నెముక అయిన బ్రిటిషు ప్రతినిధులు అందులో కొలువుండేవారు. తరువాత అది ఆడపిల్లల కళాశాల అయింది. ఆ కళాశాల పెరిగి ఏర్పడిన విశ్వవిద్యాలయానికి 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. రెసిడెంటు దొర మెట్ల మీద ఒక చాకలి స్త్రీ పేరు! దానికి కూతవేటు దూరంలో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, ఆవలి వీధిలో వివేకవర్ధని. 1921 నవంబరులో కర్వే పండితుని అధ్యక్షతన జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేశారు. ఆ అవమానం నుండి ఆంధ్ర జనసంఘం పుట్టింది. ఇసామియా బజారులో 1910లో భాగ్యరెడ్డివర్మ అంటరానివారనబడే పిల్లలకు తెలుగు బడి తెరిచాడు. టొపీకా తీర్పుకు నలభై నాలుగేళ్ళ ముందటి మాట ఇది. మన పిల్లల్లో ఎంతమంది ఆ వీధిన నడుస్తూ ఇక్కడొక బడి వుండేదట అని ఆగి చూశారు?

సికింద్రాబాదు సంగతి వేరు. బ్రిటిషు దండు కింద వున్న ఈ ఊరు 1945 దాకా నిజాము కొత్వాలు చేతికి పూర్తిగా అందలేదు. ముందుగా అనుమతి లేనిదే సభ జరపరాదని శాసించిన గస్తీ నిషాన్ 53 నిజాము ఇలాకాలో ప్రతి గ్రంథాలయ వార్షికోత్సవాన్నీ వెంటాడుతుంటే, ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకునే సందు దొరికేది. అది బ్రిటిషువారి ఉదారత కాదు, ఇద్దరు యజమానుల మధ్య గోడకు పడిన బీట. ఆ బీటలో మొలిచిన మొక్కల్లో ఒకటి 1938లో వట్టికోట ఆళ్వారుస్వామి నెలకొల్పిన దేశోద్ధారక గ్రంథమాల. ఆయన హోటల్లో పనిచేశాడు, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు, తన పుస్తకాలు తానే మోసుకుపోయి ఊరూరా అమ్మాడు. ఆయన నవల "ప్రజల మనిషి" 1955లో వెలువడింది. జనగామ పోయే బస్సులో దాని మొదటి ప్రకరణాలు చదివి వినిపించగల ఉపాధ్యాయుడు దొరికితే సగం పాఠం భువనగిరి దాటక ముందే అయిపోతుంది. అట్లా చదవడం నేను చూశాను కూడ. నిరుడు మా ప్రాంతపు ఉన్నత పాఠశాల ఒకటి తొమ్మిదవ తరగతి పిల్లలను ఆ దారిన తీసుకుపోయింది. సాహిత్యం చెప్పేవాడొకడు వెంట వుంటే మంచిదని ఉపాధ్యాయ మిత్రులు నన్ను కూడ పిలిచారు.

భువనగిరిలో పిల్లలందరూ కిటికీల్లోంచి ఏకశిలా దుర్గాన్ని చూశారు. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన పదకొండవ ఆంధ్ర మహాసభ ఆ ఊళ్ళోనే జరిగిందనీ, వినతిపత్రాల సంస్థ రైతుకూలీల సంఘంగా మారిన మలుపు అదేననీ చెప్పవలసి వచ్చింది. కొండ దానంతటదే కనబడుతుంది, మహాసభ కనబడదు. ఉపాధ్యాయుని పని అంతా ఆ తేడాలో వున్నది.

జనగామ నుండి దేవరుప్పుల మీదుగా కడవెండి చేరాము. 1946 జూలై 4న విస్నూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి మనుషులు ఊరేగింపుపై కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఇక్కడనే; ఆయన అన్న మల్లయ్య గాయపడ్డాడు. స్తూపం ముందు పిల్లలు వినయంగా నిలబడ్డారు. నోటుపుస్తకాల్లో పేరు, తేదీ ఎక్కించుకున్నారు. అప్పుడొక అమ్మాయి అడిగింది: "సార్, వాళ్ళు ఊరేగింపులో ఏమడిగిండ్రు?" తేదీ రాసుకోవడం కంటె ఈ ప్రశ్న పెద్దది. మన స్తూపాలు దీనికి జవాబు చెప్పవు. వీరుడు మరణించాడని చెబుతాయి; ఏ హక్కు కోసం, ఏ ఏర్పాటుకు వ్యతిరేకంగా అన్నది చూసేవానికి ముందే తెలిసివుండాలని భావిస్తాయి. 1950ల దాకా అది నిజమే, ఆ ఊళ్ళో తెలియనివాడు లేడు. ఇప్పటి పిల్లకు "వెట్టి" అన్న మాటే కొత్త.

అందుకని ఆ చెట్టు నీడనే వెట్టి అంటే ఏమిటో చెప్పవలసి వచ్చింది. పల్లెలో ప్రతి కులానికీ గడీ ఒక బాకీ రాసిపెట్టింది. చాకలి బట్టలుతకడమే గాక దొర ప్రయాణమైతే సామాను మొయ్యాలి. కుమ్మరి కుండలు పొయ్యాలి. మాదిగ చెప్పులు కుట్టాలి, కబురు మొయ్యాలి. గౌండ్ల కల్లు దించి గడీకి పంపాలి. గొల్లకురుమలు దొర ఇంట పెళ్ళికీ చావుకూ యాటలు తోలాలి, గొంగళ్ళు నేసియ్యాలి. కొమరయ్య కురుమ. నాగలి పట్టినవాడు తన చేను తడారిపోతున్నా ముందు దొర చేను దున్నాలి. దొర బిడ్డ అత్తవారింటికి పోతే వెంట దాసిగా ఒక పేదపిల్లను పంపేవారు. ఆమెను ఆడబాప అన్నారు. ఈ పనులకు కూలి లేదు. ఎగవేస్తే గడీ ముంగిట శిక్ష వున్నది. విస్నూరు దేశముఖుకు 40,000 ఎకరాలుండేవని ఉద్యమ చరిత్రలు రాస్తున్నాయి. వెట్టిని నిషేధిస్తూ నిజాము ఫర్మానా 1920లలోనే వెలువడిందని చెబితే పిల్లలు నమ్మలేకపోయారు. కాగితం మీద నిషేధం, ఊళ్ళో చెలామణి! ఫర్మానాను అమలు జరపవలసిన పటేలు పట్వారీలు దొర మనుషులే అయినప్పుడు అంతకంటె ఏమి జరుగుతుంది? అందుచేతనే చట్టం గడీ గుమ్మం దాటాలంటే సంఘం కావలసి వచ్చింది. కొమరయ్య మరణానికి అర్థం అక్కడ దొరుకుతుంది.

కడవెండికి దగ్గరలోనే కామారెడ్డిగూడెం వున్నది. అక్కడి షేక్ బందగీ చిన్న రైతు. దేశముఖు మీద న్యాయస్థానానికెక్కి పోరాడాడు. 1940ల ఆరంభంలో దేశముఖు మనుషులు ఆయనను చంపారు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన "మా భూమి" నాటకానికి ప్రేరణ ఈ కథే. బందగీ సమాధి దగ్గర బస్సు ఆపడం నా దృష్టిలో ఆ రోజు జరిగిన అన్ని పనులకంటె అవసరమైనది. ఎందుకంటే నిజాము వ్యతిరేక పోరాటాన్ని ముస్లిం రాజుపై హిందూ ప్రజల తిరుగుబాటుగా చిత్రించే కథనం ఒకటి బాగా బలం పుంజుకుంటున్నది. ముస్లిం రాజు రాజ్యంలో ముస్లిం రైతును చంపించినది హిందూ దేశముఖు. 1948 ఆగస్టులో రజాకార్లకు వ్యతిరేకంగా రాసినందుకు హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లాఖాన్. ఈ రెండు పేర్లు చెప్పిన తరువాత ఆ కథనం నిలబడడం కష్టం. రజాకార్ల దారుణాలను తక్కువచేసి చెప్పవలసిన అవసరమూ లేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లి బురుజు దగ్గర జరిగిన హత్యాకాండను దాచి చరిత్ర చెప్పడం అబద్ధమే అవుతుంది. ఆ ఊరు సిద్దిపేట వైపు వుండడం వల్ల ఒకనాటి ప్రయాణంలో అందలేదు. అక్కడకు పోయినప్పుడు దానితోపాటు మరొక తేదీ చెప్పాలి: పోరాట విరమణ జరిగింది 1951 అక్టోబరులో. 1948 సెప్టెంబరు 17 తరువాత మూడేళ్ళు కొత్త ప్రభుత్వ సైన్యం ఎవరిపై తుపాకి ఎత్తిందన్న ప్రశ్న ఆ తేదీలోనే వున్నది. విమోచనం, విలీనం, సమైక్యత, విద్రోహం - ఒకే రోజుకు ఇన్ని పేర్లు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం మరొకటి చేర్చి ప్రజాపాలన దినోత్సవం అన్నది. పేరు కోసం జరిగే ఈ పెనుగులాటలో వెట్టి, కౌలు, భూమి అన్న మాటలు వినబడవు.

పాలకుర్తి ప్రసక్తి వస్తే తెలుగు చదువుకున్నవానికి మొదట పాల్కురికి సోమనాథుడు జ్ఞాపకం వస్తాడు. పోతన బమ్మెర కూడ పక్కనే. సోమనాథుడు తన బసవపురాణంలో బిజ్జలుని వంటి రాజు ముందు తలవంచని మడివాలు మాచయ్య కథ చెప్పాడు. మాచయ్య చాకలి. సంస్కృత కావ్య మర్యాద చాకలివానికి నాయకస్థానం ఇవ్వని కాలంలో దేశి ఛందస్సులో ఆ కథ చెప్పిన కవి ఊరు, శతాబ్దాల తరువాత ఐలమ్మ ఊరు, ఒక్కటే. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. దీనికి మించి ఏదో పరంపర కట్టబోతే అది సాహిత్యకారుని చాపల్యం. అయినా భక్తి ముసుగులో మాత్రమే పలకగలిగిన సమానత్వం మరొక యుగంలో వడ్ల బస్తాల లెక్కగా నేలకు దిగింది చూశారా, ఆ మార్పు పిల్లలకు చెప్పదగినది.

ఐలమ్మ కౌలుకు తీసుకున్న నాలుగెకరాల పొలం పంటను దేశముఖు మనుషులు కోసుకుపోవడానికి వచ్చారు. సంఘం కార్యకర్తలు అడ్డం నిలిచి, పంట కోసి, ధాన్యం ఆమె ఇంటికి చేర్చారు. ఆమె ఇల్లు తగులబెట్టారు, కుటుంబాన్ని వేధించారు; ఆమె మాత్రం భూమి వదలలేదు. 1985 సెప్టెంబరు 10న చనిపోయేదాకా ఆ ఊళ్ళోనే వున్నది. ఇప్పుడు ఆమె విగ్రహాలకు అన్ని పక్షాలవారూ దండలు వేస్తున్నారు. మంచిదే. కాని దండ వేసేవారు ఒక మాట మరిచిపోతున్నారు. ఐలమ్మ పట్టాదారు కాదు, కౌలుదారు. ఆమె పోరాటం భూమి ఎవరి పేరున వున్నదన్నదానిపై కాదు, పంట ఎవరి చెమటదన్నదానిపై.

జాగీర్దారీ రద్దు 1949లో జరిగింది. 1950 హైదరాబాదు కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కుదారును సృష్టించింది. ఈ రెండూ పాలకుల దయ కాదు, కడవెండి, పాలకుర్తి వంటి ఊళ్ళు రాయించినవి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు ఒకటి పిల్లలకు చూపితే బాగుంటుందని నేనన్నాను; అందులో పట్టాదారు పేరుకు ఒక గడి, సాగుచేసే వాని పేరుకు వేరొక గడి. ఈ యాత్రలో స్తూపాలతో సమానమైన చారిత్రక స్థలం ఆ రెండో గడి. 2020లో ధరణి వచ్చినప్పుడు ఆ అనుభవదారు గడి పోయింది. 2018లో మొదలైన రైతుబంధు ఎకరానికింత అని పట్టాదారుకే ముట్టింది, దున్నే కౌలుదారుకు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారులకు రుణార్హత కార్డులిచ్చే చట్టం చేశారు. తెలంగాణలో అది అటకెక్కింది. పంట నష్టపోయినప్పుడు పరిహారానికి, బ్యాంకు అప్పుకు కౌలు రైతు తన పేరు ఏ కాగితంలో చూపించాలి?

ఈ విషయం చెబుతున్నప్పుడు వెనుక వరుసలోని ఇద్దరు పిల్లలు తమ తాతగారు జనగామ దగ్గర కౌలుకు చేస్తారని అన్నారు. మిగిలిన పిల్లలు వారి చుట్టూ చేరారు. ఎకరానికి కౌలు ఎంత, ముందే కట్టాలా పంట వచ్చాక కట్టాలా, వాన పడకపోతే ఎవరిది నష్టం అని వరుసగా అడిగారు. స్తూపం దగ్గర ఎవరూ అన్ని ప్రశ్నలు అడగలేదు. ఉపాధ్యాయ మిత్రులు ఈసారి ఆ తాతగారిని కూడ బస్సు ఎక్కించాలని, బైరాన్‌పల్లికి వేరే రోజు కేటాయించాలని అనుకుంటున్నారు.