కాసబ్లాంకా: శరణార్థులు నటించిన శరణార్థుల కథ

రిక్ నడిపే కెఫేలో ఒక మూల జర్మన్ సైనికాధికారులు పియానో చుట్టూ చేరి తమ దేశభక్తి గీతాన్ని బిగ్గరగా పాడుతుంటారు. మిగిలిన బల్లల దగ్గర ఉన్నవాళ్ళంతా ఇల్లూ ఊరూ వదిలి వచ్చినవాళ్ళు. వాళ్ళు తలలు వంచుకుని మౌనంగా కూర్చుంటారు. అప్పుడు ప్రతిఘటనోద్యమ నాయకుడు విక్టర్ లాజ్లో మేడ దిగివచ్చి, ఫ్రెంచి జాతీయగీతం 'లా మార్సేయేజ్' వాయించమని వాద్యబృందాన్ని కోరుతాడు. వాద్యగాళ్ళు యజమాని వైపు చూస్తారు. రిక్ తల ఊపుతాడు. ఒక గొంతు, పది గొంతులు, చివరికి కెఫే అంతా పాడుతుంది. జర్మన్ల పాట ఆ హోరులో మునిగిపోతుంది.

1942 వేసవిలో కాలిఫోర్నియాలోని వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో ఈ సన్నివేశాన్ని చిత్రీకరిస్తున్నప్పుడు, కెఫే ద్వారపాలకుడి వేషం వేసిన డాన్ సీమోర్ అక్కడే ఉన్నాడు. అమెరికాలోనే పుట్టి పెరిగిన నటుడతను. చుట్టూ చూస్తే పాడుతున్నవారిలో సగం మంది ఏడుస్తున్నారట. వాళ్ళు నిజమైన శరణార్థులని తనకు హఠాత్తుగా తట్టింది అప్పుడేనని అతను తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

'కాసబ్లాంకా' గురించి ప్రచారంలో ఉన్న కథలన్నీ దాన్నొక అదృష్టవశాత్తు కుదిరిన చిత్రంగా చూపుతాయి. స్క్రిప్టు పూర్తికాకుండానే షూటింగ్ మొదలైంది, ముగింపు ఎవరికీ తెలియదు, ఏటా పదుల సంఖ్యలో చిత్రాలు తీసే స్టూడియోలో ఇదీ ఒకటిగా తయారైంది, ఎలాగో కుదిరింది అన్నది ఆ కథల సారాంశం. విమర్శకుడు ఆండ్రూ శారిస్ సైతం దీన్ని సంతోషకరమైన యాదృచ్ఛిక ఘటనల కోవలోనే చేర్చాడు. ఇందులో నిజం లేకపోలేదు. కానీ అదే స్టూడియోలో, అదే పద్ధతిలో, అంతే తొందరలో తయారైన చిత్రాలు ఎన్నో మరుగున పడిపోయాయి. ఈ ఒక్కదానికి దక్కిన జీవం ఎక్కడిదో తెలియాలంటే తారల వెనుక, మసక వెలుతురులో నిలబడ్డ మనుషులను చూడాలి.

ఒక ఉపాధ్యాయుడి వియన్నా యాత్ర

కథకు బీజం పడింది 1938లో. న్యూయార్క్‌లో హైస్కూల్ ఉపాధ్యాయుడైన మర్రే బర్నెట్ ఆ వేసవిలో భార్యతో కలిసి యూరప్ వెళ్ళాడు. ఆస్ట్రియాను హిట్లర్ కలుపుకుని అప్పటికి కొద్ది నెలలే అయింది. వియన్నాలో చిక్కుకున్న యూదు బంధువులకు తమ విలువైన వస్తువులను దేశం దాటించడంలో ఆ దంపతులు సాయపడ్డారు. తిరుగు ప్రయాణంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒక నైట్‌క్లబ్బుకు వెళ్ళారు. అక్కడ నల్లజాతి పియానో వాద్యగాడు ఒకరు వాయిస్తున్నాడు. చుట్టూ నానా దేశాల మనుషులు. వియన్నాలో చూసిన భయం, ఇక్కడ చూసిన క్లబ్బు బర్నెట్ మనసులో కలిసిపోయాయి. జోన్ ఆలిసన్‌తో కలిసి అతను రాసిన నాటకం 'ఎవ్రిబడీ కమ్స్ టు రిక్స్'. దాన్ని రంగస్థలం మీదికి తెచ్చే నిర్మాత దొరకలేదు.

ఆ రాతప్రతి వార్నర్ స్టూడియోకు చేరింది 1941 డిసెంబరులో, పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మరునాడు. కథల విభాగంలో పనిచేసే ఐరీన్ లీ సిఫారసుపై నిర్మాత హాల్ వాలిస్ దాన్ని 20,000 డాలర్లకు కొన్నాడు. రంగస్థలం ఎక్కని నాటకానికి అది పెద్ద మొత్తం. అంతకు ముందు 'ఆల్జియర్స్' అనే చిత్రం విజయవంతమైంది కనుక, అదే బాణీలో దీనికి 'కాసబ్లాంకా' అని పేరు మార్చాడు. రిక్ పాత్రకు మొదట రొనాల్డ్ రేగన్‌ను అనుకున్నారన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది. నటుల పేర్లు పత్రికల్లో నలిగేందుకు స్టూడియో ప్రచార విభాగం విడుదల చేసిన ప్రకటన అది. ఆ సమయానికి రేగన్ సైన్యంలో చేరవలసి ఉంది.

తెలియని ముగింపు, తప్పని ముగింపు

స్క్రీన్‌ప్లే పలువురి చేతుల మీదుగా నడిచింది. కవల సోదరులు జూలియస్, ఫిలిప్ ఎప్‌స్టైన్‌లు సంభాషణలకు చమత్కారాన్ని అద్దారు. వాళ్ళు యుద్ధ ప్రచార చిత్రాల పని మీద కొంతకాలం వాషింగ్టన్ వెళ్ళినప్పుడు హోవర్డ్ కోక్ రంగంలోకి వచ్చి, రిక్ గతానికీ రాజకీయ విశ్వాసాలకూ బలం చేకూర్చాడు. ప్రేమకథను చక్కదిద్దిన కేసీ రాబిన్సన్ పేరు టైటిల్స్‌లో లేదు. 1942 మే 25న షూటింగ్ మొదలయ్యేనాటికి సగం స్క్రిప్టే సిద్ధంగా ఉంది. అందుకే హాలీవుడ్ అలవాటుకు భిన్నంగా చాలా భాగాన్ని కథా క్రమంలోనే చిత్రీకరించారు.

ఇల్సా చివరికి ఎవరితో వెళుతుందో తనకు తెలియదనీ, ఎవరిని ప్రేమిస్తున్నట్టు నటించాలో అర్థం కాలేదనీ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ తరువాత రాసుకుంది. ఆమె అయోమయం నిజమే. అయితే ముగింపు పూర్తిగా గాలిలో ఉందనడం సరికాదు. జోసెఫ్ బ్రీన్ నేతృత్వంలోని సెన్సార్ కార్యాలయం ఆ రోజుల్లో ప్రతి స్క్రిప్టునూ జల్లెడ పట్టేది. పెళ్ళైన స్త్రీ భర్తను విడిచి ప్రియుడితో వెళ్ళిపోవడాన్ని అది ఒప్పుకునే ప్రసక్తి లేదు. కనుక ఇల్సా భర్తతోనే వెళ్ళాలి. ప్రేక్షకుడు మోసపోయినట్టు భావించకుండా ఆమెను విమానం ఎక్కించడమెలా అన్నదే రచయితలను చివరిదాకా వేధించిన సమస్య. రిక్ త్యాగం దానికి జవాబైంది. నిషేధం నుంచి పుట్టిన జవాబు కథకు నైతిక శిఖరంగా మారింది. చిత్రంలోని ఆఖరి మాటనైతే షూటింగ్ ముగిశాక వాలిస్ స్వయంగా రాసి, హంఫ్రీ బోగార్ట్ చేత డబ్బింగ్ చెప్పించాడు.

మిగిలినదంతా స్టూడియో మాయాజాలమే. జర్మన్ మేజర్ విమానం దిగే దృశ్యాన్ని లాస్ ఏంజెలెస్ సమీపంలోని వాన్ నైస్ విమానాశ్రయంలో తీశారు. చివరి విమానాశ్రయ దృశ్యం మాత్రం స్టూడియో సెట్‌లోదే. అక్కడి విమానం చిన్న నమూనా. అది పెద్దదిగా కనిపించడానికి దాని చుట్టూ మెకానిక్కులుగా మరుగుజ్జు నటులను నిలబెట్టి, లోపాలు కనబడకుండా కృత్రిమమైన పొగమంచు నింపారు. పియానో వాద్యగాడు శామ్‌గా కనిపించే డూలీ విల్సన్‌కు పియానో రాదు. అతను డ్రమ్స్ వాయించేవాడు. ఇన్ని అబద్ధాల నడుమ ముఖాలు మాత్రం అబద్ధం కాలేదు.

కాగితాల కోసం ప్రాణాలు

టైటిల్స్‌లో పేర్లున్న నటుల్లో అమెరికాలో పుట్టినవాళ్ళు ముగ్గురే: బోగార్ట్, డూలీ విల్సన్, జాయ్ పేజ్. మిగిలినవాళ్ళంతా బయటివాళ్ళు. దర్శకుడు మైకేల్ కర్టీజ్ బుడాపెస్ట్‌లో పుట్టిన యూదుడు. 1926లోనే హాలీవుడ్‌కు ఆహ్వానం మీద వచ్చాడు కాబట్టి అతన్ని శరణార్థి అనలేం. కానీ హంగరీలో మిగిలిపోయిన అతని సోదరి కుటుంబాన్ని తరువాత ఆష్‌విట్జ్‌కు తరలించారు.

కెఫేలో రూలెట్ నడిపే ఎమిల్‌గా కొద్ది క్షణాలు కనిపించే మార్సెల్ దాలియో ఫ్రాన్స్‌లో పేరు మోసిన నటుడు. జాన్ రెన్వార్ తీసిన 'లా గ్రాండ్ ఇల్యూజన్', 'లా రెగ్ల్ దు జూ' చిత్రాల్లో ప్రధాన పాత్రలు వేశాడు. మొదటి చిత్రంలోనూ బందీలైన ఫ్రెంచి సైనికులు జర్మన్ల ఎదుట 'లా మార్సేయేజ్' పాడే ఘట్టం ఉంది. పారిస్ ఆక్రమణ తరువాత నాజీలు యూదుల మీద ద్వేషం రెచ్చగొట్టే పోస్టర్ల మీద దాలియో బొమ్మనే ముద్రించారు. 1940 జూన్‌లో అతను తన యువ భార్య మద్‌లెన్ లెబోతో కలిసి పారిస్ విడిచి లిస్బన్ చేరాడు. డబ్బు పోసి కొన్న చిలీ వీసాలు నకిలీవని ఓడ మెక్సికోకు చేరాక బయటపడింది. చివరికి కెనడా ఇచ్చిన తాత్కాలిక పాస్‌పోర్టులతో ఆ దంపతులు బయటపడి హాలీవుడ్ చేరారు. ఫ్రాన్స్‌లో మిగిలిన దాలియో తల్లిదండ్రులు నాజీ శిబిరాల్లో చనిపోయారు.

వడ్డన పెద్ద కార్ల్‌గా నవ్వించే ఎస్. జెడ్. సకాల్ హంగరీ నుంచి 1940లో వచ్చాడు. అతని ముగ్గురు సోదరీమణులు నాజీ శిబిరాల్లో మరణించారు. వీసా డబ్బు కోసం జూదమాడే బల్గేరియా యువకుడి వేషం వేసిన హెల్ముట్ డాంటీన్ వియన్నాలో నాజీ వ్యతిరేకిగా కొన్ని నెలలు నిర్బంధంలో ఉన్నవాడు. అమెరికా వెళ్ళబోతూ వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకునే వృద్ధ దంపతుల దృశ్యం చూసి ప్రేక్షకులు నేటికీ నవ్వుకుంటారు. ఆ వృద్ధురాలు ఇల్కా గ్రూనింగ్. బెర్లిన్‌లో నటనా పాఠశాల నడిపి ఒక తరానికి నటన నేర్పిన మనిషి. ఆమెకు దక్కినవి ఆ కొద్ది మాటలే. మాతృభాషే పనిముట్టుగా బతికిన నటులకు పరదేశంలో ఉచ్చారణే వేషమైంది.

చిత్రం ఆరంభంలో, గడువు తీరిన కాగితాలతో పట్టుబడి పారిపోతూ వీధిలో కాల్పులకు బలయ్యే వ్యక్తిగా నటించినవాడు వోల్ఫ్‌గాంగ్ జిల్జర్. జర్మనీ విడిచి అమెరికా వీసాకు దరఖాస్తు చేసినప్పుడు, తల్లిదండ్రులు పర్యటనలో ఉండగా తాను సిన్సినాటిలో పుట్టాననీ, కాబట్టి పుట్టుకతోనే అమెరికా పౌరుణ్ణనీ అతనికి తెలిసింది. కాగితం లేక చచ్చేవాడి వేషం పుట్టుకే కాగితమై బతికినవాడికి దక్కడం ఈ చిత్రంలోని విచిత్రాల్లో ఒకటి.

కథంతా రెండు ప్రయాణ అనుమతి పత్రాల చుట్టూ తిరుగుతుంది. ఎవరూ రద్దు చేయలేని అలాంటి పత్రాలు నిజంగా ఎన్నడూ లేవు. నిజంగా ఉన్నవి అమెరికా వీసా, స్పెయిన్, పోర్చుగల్ దేశాల ట్రాన్సిట్ వీసాలు, ఫ్రాన్స్ ఎగ్జిట్ వీసా. ఒక్కోదానికి ఒక్కో గడువు. ఒకటి చేతికొచ్చేసరికి మరొకటి చెల్లిపోయేది. ఫ్రాన్స్ సంతకం చేసిన యుద్ధ విరమణ ఒప్పందంలోని 19వ అధికరణం ప్రకారం జర్మనీ అడిగిన జర్మన్‌ను అప్పగించి తీరాలి. అందుకే 69 ఏళ్ళ నవలా రచయిత హైన్‌రిఖ్ మన్ 1940లో పిరెనీస్ కొండలను కాలినడకన దాటవలసి వచ్చింది.

ఇక్కడే స్టూడియోల పాత్ర మరో రూపంలో కనిపిస్తుంది. ఏజెంటు పాల్ కోనర్, దర్శకుడు ఎర్న్‌స్ట్ లూబిచ్ మొదలైనవారు స్థాపించిన యూరోపియన్ ఫిల్మ్ ఫండ్ చొరవతో, వార్నర్, ఎమ్‌జీఎమ్ సంస్థలు ప్రవాస రచయితలకు వారానికి 100 డాలర్ల చొప్పున ఏడాది ఒప్పందాలు ఇచ్చాయి. ఉద్యోగం ఉందన్న ఆ కాగితం వీసాకు ఆధారమయ్యేది. హైన్‌రిఖ్ మన్‌కు అలా ఒప్పందం ఇచ్చింది వార్నర్ సంస్థే. ఏడాది తిరిగాక దాన్ని పొడిగించలేదు. తెర మీద కల్పించిన అనుమతి పత్రాలకు తెర వెనుక నిజమైన ప్రతిరూపం ఏదైనా ఉందంటే, అది ఈ స్టూడియో ఒప్పందమే.

వేటగాడూ శత్రువూ ఒకడే

నాజీ మేజర్ స్ట్రాసర్‌గా నటించిన కాన్రాడ్ ఫైట్ 'డాక్టర్ కాలిగరీ' రోజుల నుంచీ జర్మన్ సినిమాలో అగ్రనటుడు. 1933లో యూదురాలైన భార్యతో జర్మనీ విడిచిపెట్టాడు. అతను తెర మీద వేటాడే విక్టర్ లాజ్లో పాత్రధారి పాల్ హెన్రీడ్ ఆస్ట్రియా నుంచి ఇంగ్లండ్ చేరినవాడు. యుద్ధం మొదలై హెన్రీడ్‌ను శత్రుదేశస్థుడిగా నిర్బంధించే ప్రమాదం వచ్చినప్పుడు అతని పక్షాన మాట్లాడింది ఫైటే. నాజీలను ద్వేషించి దేశం వదిలినవాడు తన యాస వల్ల నాజీగానే బతుకు వెళ్ళదీయవలసి వచ్చింది. ఇదే తొలి చిత్రమూ కాదు. 1943 ఏప్రిల్‌లో, తన దేశం ఓడిపోవడాన్ని చూడకుండానే, గుండెపోటుతో మరణించాడు.

స్టూడియో గేటు బయట పరిస్థితి మరింత విచిత్రంగా ఉండేది. 1942 మార్చి నుంచి పశ్చిమ తీరంలో సైన్యం విధించిన కర్ఫ్యూ ప్రకారం శత్రుదేశ పౌరులు రాత్రి 8 నుంచి ఉదయం 6 వరకు ఇల్లు కదలరాదు. జపాన్ సంతతి వారికి జరిగిన అన్యాయం ఇంతకన్నా ఎంతో ఘోరం. పౌరసత్వం ఉన్నవారిని కూడా శిబిరాలకు తరలించారు. కానీ హిట్లర్ నుంచి పారిపోయి వచ్చినవారు కూడా చట్టం కళ్ళకు జర్మన్లే. వీరిని వేరుగా చూడమని థామస్ మన్ అమెరికా కాంగ్రెస్ విచారణ సంఘం ఎదుట హాజరై విన్నవించవలసి వచ్చింది. పగలు సెట్‌లో స్వేచ్ఛా గీతం, రాత్రి ఇంట్లో కర్ఫ్యూ: ఆ వేసవిలో లాస్ ఏంజెలెస్‌లో కొందరి బతుకు అది.

ఆ తరువాత

చిత్రం దాదాపు 10 లక్షల డాలర్ల ఖర్చుతో 1942 ఆగస్టు 3న పూర్తయింది. నవంబరులో మిత్రరాజ్యాల సేనలు ఉత్తర ఆఫ్రికాలో దిగి కాసబ్లాంకా పేరు పత్రికలకెక్కగానే, స్టూడియో తొందరపడి నవంబరు 26న న్యూయార్క్‌లో ప్రదర్శించింది. 1944లో ఉత్తమ చిత్రంగా ఆస్కార్ ప్రకటించినప్పుడు వాలిస్ లేచేలోపే స్టూడియో యజమాని జాక్ వార్నర్ వేదిక ఎక్కి బహుమతి అందుకున్నాడు. ఆ అవమానాన్ని వాలిస్ చివరిదాకా మరవలేదు.

పశ్చిమ జర్మనీలో 1952లో విడుదలైన ప్రతిలో సుమారు 25 నిమిషాలు కోసేశారు. మేజర్ స్ట్రాసర్ లేడు, నాజీలు లేరు. లాజ్లో ఒక నార్వే శాస్త్రజ్ఞుడయ్యాడు. మొత్తం చిత్రాన్ని జర్మన్లు చూడడానికి 1975 దాకా ఆగవలసి వచ్చింది. ఏ మనుషుల వల్ల ఆ చిత్రానికి ప్రాణం వచ్చిందో, వాళ్ళు ఎందుకు ఇల్లు వదిలారో చెప్పే భాగాలే కత్తెర పాలయ్యాయి.

'లా మార్సేయేజ్' ముగిసే వేళ కెమెరా ఒక అమ్మాయి ముఖం మీద నిలుస్తుంది. కన్నీళ్ళు కారుతుండగా ఫ్రాన్స్‌కు జయధ్వానం చేసే ఆ ఇవోన్ పాత్రధారిణే మద్‌లెన్ లెబో. అప్పటికి ఆమెకు 19 ఏళ్ళు. రెండేళ్ళ క్రితం పారిస్ నుంచి ఏ భర్తతో పారిపోయిందో ఆ దాలియోతో వివాహబంధం చిత్రీకరణ సాగుతుండగానే విడాకులకు చేరుకుంది. యుద్ధానంతరం ఆమె ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్ళి అక్కడి చిత్రాల్లో నటించింది. టైటిల్స్‌లో పేరున్న నటుల్లో అందరికన్నా చివర, 2016లో కన్నుమూసింది. ఆ కొద్ది క్షణాల దృశ్యంలో ఆమె కార్చిన కన్నీటికి రచయితలెవ్వరూ మాటలు రాయలేదు. పారిస్ అప్పటికి ఇంకా జర్మన్ల చేతిలోనే ఉంది.