పసిబిడ్డ జబ్బ చెప్పెడి సంగతి

మేడిపల్లి నుండి వరంగల్లు బాట వెంట పడమరగా పోయినచో, ఉప్పల్, హబ్సీగూడ దాటిన పిదప తార్నాక వచ్చును. అచ్చట ఉస్మానియా విశ్వవిద్యాలయము చెంత జాతీయ పోషకాహార సంస్థ గలదు. మానవుని చేతి నిర్మాణమును గూర్చి ముచ్చటింపబోవుచు తిండిని పరిశోధించు సంస్థ పేరెత్తుట వింతగా తోచవచ్చును. కాని ఈ రెంటికిని దగ్గరి చుట్టరికము గలదు.

ముందుగా చేతిని పరికింతము. జబ్బ మొదలు వ్రేళ్ళ కొసవరకు ఒక్కొక్క చేతిలో 30 ఎముకలున్నవి. జబ్బలో నున్నది భుజాస్థి యొక్కటే. మోచేతికి దిగువన రత్ని, అరత్ని యని రెండు, మణికట్టులో 8, అరచేతిలో 5, వ్రేళ్ళలో 14. భుజాస్థికి ముందు ద్విశిర కండరము, వెనుక త్రిశిర కండరము ఉన్నవి. మొదటిది బిగిసినచో మోచేయి ముడుచుకొనును. రెండవది బిగిసినచో చాచుకొనును. వీనిని కప్పుచు క్రొవ్వుపొర, దానిపై చర్మము.

కండరమును, క్రొవ్వును దేహమునకు గాదెలవంటివి. తిండి చాలని దినములలో దేహము వీనినే కరిగించి ప్రాణము నిలుపుకొనును. ఎముక మాత్రము అట్లే యుండును. కనుక పసిబిడ్డ జబ్బ సన్నబడుటయనగా గాదె ఖాళీ యగుటయే.

ఇక చరిత్రకు వత్తము. 1918లో నీలగిరులలోని కూనూరునందు రాబర్ట్ మెకారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధిని పరిశోధించుటకై ఒక్క గదిలో పని ప్రారంభించెను. ఆ ప్రయత్నమే 1928లో పోషకాహార పరిశోధనాలయముగా పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు దాల్చినది. డాక్టరు సి. గోపాలన్, ఆయన సహచరులు ఇచ్చట బిడ్డల ఆహారలోపమును శ్రద్ధగా పరిశీలించిరి. ఒక బిడ్డ ఎండి శల్యమగును. వేరొక బిడ్డకు కాళ్ళు నీరుపట్టి ఉబ్బును. మొదటిదానిని మరాస్మస్ అనియు, రెండవదానిని క్వాషియోర్కర్ అనియు వైద్యులందురు.

ఈ ఉబ్బు త్రాసును సైతము మోసగించును. నీటి బరువు కలియుటచే బిడ్డ తూకము నిజమైన కృశతను మరుగుపరచును. పైగా అనేక గ్రామములలో నాడు త్రాసు లేదు. బిడ్డ పుట్టిన తేదీయు తెలియదు. ఈ చిక్కునకు జబ్బయే ఉపాయము చూపినది. ఏడాది మొదలు అయిదేండ్లవరకు, చక్కగా పెరుగు బిడ్డ జబ్బ చుట్టుకొలత స్వల్పముగా మాత్రమే మారును. పసితనపు క్రొవ్వు తగ్గుచుండ, ఆ తావున కండరము పెరుగుచుండును. కనుక వయస్సు సరిగా తెలియకున్నను కొలత పనికివచ్చును. డెరిక్ జెలిఫ్ అను వైద్యుడు 1966లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన గ్రంథమున ఈ కొలతను వివరించెను. 1974లో షాకిర్, మోర్లీ అను వైద్యులు రంగులతో గుర్తించిన పట్టీని లోకమునకు తెలిపిరి. చదువురాని తల్లియు రంగు చూచి గ్రహింపవచ్చును.

కొలుచు విధము సులభము. ఎడమచేతి భుజపుటెముక కొసకును మోచేతి కొసకును నడుమ సరిగా సగము దూరమున గుర్తు పెట్టవలెను. చేతిని వ్రేలాడవిడిచి, పట్టీని చర్మము నొక్కుకొనకుండ, వదులు గాకుండ చుట్టవలెను. ఆరు నెలలు మొదలు అయిదేండ్ల వరకు గల బిడ్డకు 11.5 సెంటీమీటర్లకు తక్కువయైనచో అది తీవ్రమైన ఆహారలోపమని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు, యూనిసెఫ్‌ను నిర్ణయించినవి. అట్టి బిడ్డకు చికిత్స ఆలస్యమగుట ప్రాణాపాయము.

“మా వంశములో అందరును సన్నమే” యని పెద్దలు సరిపెట్టుకొనుట మన యిండ్లలో కద్దు. సన్నని బిడ్డలందరును రోగులు గారు, నిజమే. కాని పోలిక యేదో, ఆకలి యేదో కంటిచూపునకు తెలియదు. అంగన్‌వాడి కేంద్రమున గాని, ఆస్పత్రిలో గాని ఒక్కమారు కొలిపించుటకు నిమిషము చాలును. కూనూరులో ఒక గదిలో మొలకెత్తి మన పొరుగుననే వేళ్ళూనిన ఈ విద్య, మన గడపలోని బిడ్డకు అందినపుడే సార్థకమగును.