కార్నియా మీద తొలి విజయం: వైరస్ మందుల పుట్టుక

కంటి నల్లగుడ్డును ముందువైపు నుంచి కప్పి ఉండే, రక్తనాళాలు లేని పారదర్శకమైన పొరను కార్నియా అంటారు. పెదవుల మీద పొక్కులు లేపే హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ ఈ పొరకు సోకితే పుట్టే పుండు ఆకారం విలక్షణమైనది. ఫ్లోరెసిన్ అనే రంగును కంట్లో వేసి నీలికాంతిలో చూసినప్పుడు, ఆకులు రాలిన కొమ్మలా పాయలు పాయలుగా చీలిన పచ్చని గీత, ప్రతి పాయ చివరా చిన్న బొడిపెతో కనిపిస్తుంది. పుండు లోపలి పొరలకు దిగి మానితే మిగిలేది, కంట్లో పువ్వు వేసిందని తెలుగువారు చెప్పుకునే తెల్లమచ్చ.

20వ శతాబ్దం సగం గడిచినా దీనికి మందు లేక, వైద్యులు చెడిన పైపొరను గీకి తీసేవారు, లేదా అయోడిన్‌తో కాల్చేవారు. 1950లలో వాడుకలోకి వచ్చిన కార్టిజోన్ చుక్కలు ఎరుపును తగ్గించినా, కంటి రక్షణశక్తిని అణచి పుండును పెంచాయి. వైరస్ మనిషి కణంలో చేరి ఆ కణం సాయంతోనే పెరుగుతుంది కనుక, కణాన్ని చంపకుండా వైరస్‌ను అణచడం అసాధ్యమన్న నమ్మకం అప్పట్లో బలంగా ఉండేది.

ఆ నమ్మకం సడలింది కార్నియా మీదనే. యేల్ విశ్వవిద్యాలయంలో విలియం ప్రూసాఫ్ 1959లో వెల్లడించిన ఐడాక్సూరిడిన్ కేన్సర్ పరిశోధనలో పుట్టిన మందు. అది డీఎన్‌ఏలో ఉండే థైమిడిన్‌ను పోలి ఉండి, వైరస్ కొత్తగా కట్టుకునే డీఎన్‌ఏలో దాని చోట చేరి ఆ ప్రతిని చెడగొడుతుంది. మనిషి డీఎన్‌ఏనూ అలాగే చెడగొట్టగలదు కాబట్టి ఒంట్లోకి ఎక్కించడం ప్రమాదమే గానీ, చుక్కగా వేస్తే అది పుండు ఉన్నచోటనే పనిచేస్తుంది. హెర్బర్ట్ కౌఫ్‌మన్ 1962లో దీని ఫలితాన్ని నిరూపించగా, మరుసటి ఏడాది అమెరికా ప్రభుత్వం అనుమతించింది. వైరస్ మందుల చరిత్రకు అసలు ఆరంభం ఇదే. అయితే పగలు గంటకోసారి, రాత్రి రెండు గంటలకోసారి చుక్కలు వేయవలసి రావడం రోగికీ, ఇంటివారికీ పెద్ద పరీక్ష.

గెర్ట్రూడ్ ఎలియన్ బృందం 1970లలో వెలుగులోకి తెచ్చిన అసైక్లోవిర్ ఇంకా సూక్ష్మమైనది. వైరస్ తయారుచేసే ఎంజైము తాకితేనే అది చురుకవుతుంది కనుక, ఆరోగ్యకరమైన కణాలను దాదాపు ముట్టదు. 3 శాతం ఆయింట్‌మెంట్‌గా రోజుకు 5 సార్లు రాస్తే సరిపోతుంది. 1998లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, 400 మిల్లీగ్రాముల అసైక్లోవిర్ మాత్రలు రోజుకు రెండు చొప్పున ఏడాది పాటు వాడినవారిలో జబ్బు తిరగబెట్టడం 32 శాతం నుంచి 19 శాతానికి తగ్గింది. ముఖానికి స్పర్శనిచ్చే నరం మొదట్లో నిద్రాణంగా దాగిన వైరస్‌ను తుడిచిపెట్టే మందు మాత్రం నేటికీ లేదు.